పన్నెండు నల్ల పేజీలు

ఆ గురువారం పొద్దున్నుంచీ నా కాళ్లు నేల మీద నిలవలేదు. మావయ్య పుస్తకం ఆ రోజే ప్రెస్సుకు వెళ్లాలి. సాయంత్రం నాలుగింటికి మెషిన్ ఎక్కితే, శనివారం పొద్దున్నకల్లా కుట్టి, కత్తిరించి చేతికిస్తామన్నారు. ఎక్కకపోతే అంతే సంగతులు. ఆరింటి నుంచి ఆ మెషిన్ మూడు వారాల పాటు బడి పుస్తకాలదే.

శనివారం సైన్సు కేంద్రానికి రెండొందల మంది పిల్లలు వస్తున్నారు. వాళ్లతో ఆకాశం గురించి మాట్లాడమని మావయ్యను పిలిచారు. అయితే అక్కడి డైరెక్టరమ్మ ఒక షరతు పెట్టింది. "చేతిలో పుస్తకం లేకపోతే పిల్లలు పావుగంటలో నిద్రపోతారండీ. పుస్తకం వస్తే మాట్లాడండి. లేదంటే వచ్చే ఏడాది చూద్దాం" అంది. వచ్చే ఏడాది అన్న మాటకు మావయ్య తల ఊపాడు గానీ ఆయన ముఖం నేను చూశాను. డెబ్బై ఒకటో ఏట వచ్చే ఏడాదంటే ఎవరికి మాత్రం సంతోషంగా ఉంటుంది?

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. ఇరవై ఏడేళ్లు ఊరి నీళ్ల ట్యాంకు దగ్గర రాత్రి కాపలా ఉద్యోగం చేశాడు. రెండు గంటలకోసారి నూటపన్నెండు మెట్లెక్కి, పైనుంచి నీటి మట్టం చూసి రిజిస్టర్లో రాయడం ఆయన పని. మట్టం రాసింది కాగితానికి ముందు వైపు. వెనక వైపు పెన్సిల్‌తో చుక్కలు పెట్టాడు. తలెత్తితే ఏ నక్షత్రం ఎక్కడ కనపడిందో అక్కడ, అంతే. నీళ్లు చూడమంటే చుక్కలు చూస్తున్నాడని పైవాళ్లు వెక్కిరించారు. ఇంట్లోవాళ్లూ తక్కువ తినలేదు, చుక్కల మావయ్య అని పేరు పెట్టి, పెళ్లిళ్లలో కూడా అలాగే పరిచయం చేసేవాళ్లు. ఆ రిజిస్టర్లు డైరెక్టరమ్మ దగ్గరికి మోసుకెళ్లింది నేనే. ఆవిడ గంటసేపు తిరగేసి, "ఇవి పటాలు చూసి వేసినవి కాదు, కంటితో చూసి వేసినవి" అంది. ఆ రోజు బయటికొచ్చాక మావయ్య మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"ఇన్నాళ్లకి ఒకరు అడిగారే అమ్మడూ" అన్నాడు.

నా సంగతి కూడా చెప్పాలి. పంతొమ్మిదేళ్లుగా పుస్తకాలకు పేజీలు కట్టడమే నా వృత్తి. పెళ్లి శుభలేఖల నుంచి లావుపాటి నిఘంటువుల దాకా నా కంప్యూటర్ మీద తయారై, పీడీఎఫ్ అయి, ప్రెస్సుకు వెళ్లినవే. నా ఫైలు ఎప్పుడూ తిరిగి రాలేదని ప్రెస్సులో చెప్పుకుంటారు. చెప్పుకునేలా నేనే చూసుకుంటాను. కోపం మాత్రం నాకు ముక్కు మీదే ఉంటుంది.

పుస్తకం ముప్పై రెండు పేజీలు, ఒక్క నలుపు రంగే. నెలకొక ఆకాశం చొప్పున పన్నెండు నల్ల పేజీలు. నల్లటి నలుపు, అందులో తెల్ల చుక్కలు. ఆ పేజీల మీద ఒక్క అక్షరం కూడా ఉండకూడదని మావయ్య పట్టుబట్టాడు.

"పైన పేర్లు రాసి ఉంటాయా ఏంటి? పేర్లన్నీ ఎదుటి పేజీలో పెట్టుకో" అన్నాడు.

సరే అన్నాను. బొమ్మలు గీసే ప్రోగ్రాంలో చుక్కలు ఒక్కొక్కటీ పెట్టి, ఆ పన్నెండు బొమ్మల్నీ పేజీల్లోకి తెచ్చాను. మొత్తం ఆరొందల నలభై చుక్కలు. అసలు పేచీ దిద్దుబాట్ల దగ్గర వచ్చింది. నల్ల పేజీ అచ్చు తీసి ఇస్తే మావయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీని మీద పెన్సిల్ ఎట్లా కనపడుతుందే?" అన్నాడు. పెన్ను వాడమంటే ససేమిరా అన్నాడు. ఇరవై ఏడేళ్ల అలవాటు, పెన్సిల్ తప్ప పట్టడు. అందుకని తెల్ల కాగితం మీద నల్ల చుక్కలు పెట్టి ఇవ్వడం మొదలెట్టాను. నాలుగుసార్లు దిద్దాడు. ఒక చుక్కను వెంట్రుకవాసి ఎడమకు జరపమన్నాడు, మర్నాడు అందులో సగం కుడికి జరపమన్నాడు. నేను గొంతు చించుకున్నాను. ఆయన విని, మెల్లగా పెన్సిల్ చెక్కుకుని, ఇంకో చుక్క మీద సున్నా చుట్టాడు.

బుధవారం సాయంత్రం దిద్దుబాట్లు అయిపోయాయి. గురువారం పొద్దున్న పన్నెండు బొమ్మల్లోనూ చుక్కలన్నిటినీ తెలుపు చేశాను. పేజీలకు నలుపు పూశాను. కళ్లముందు ఆకాశం పరుచుకుంది. మావయ్య కుర్చీ లాక్కుని స్క్రీన్ దగ్గరికి జరిగాడు.

"బాగుందా?" అన్నాను.

"చల్లగాలి ఒక్కటే తక్కువ" అన్నాడు.

ఇక ఆగుతానా? అంచుల్లో నలుపు కత్తిరింపు గీత దాటి మూడు మిల్లీమీటర్లు బయటికి పోయిందో లేదో చూశాను. అక్షరాల ఫాంట్లన్నీ ఫైల్లోనే ఇమిడాయో లేదో చూశాను. ప్రోగ్రాం కూడా తప్పులేమీ లేవని ఆకుపచ్చ దీపం వెలిగించింది. పీడీఎఫ్ తీశాను, తెరిచి పన్నెండు పేజీలూ చూశాను, చుక్కలన్నీ భేషుగ్గా ఉన్నాయి. ఇంట్లో ప్రింటర్ మీద ఒక పేజీ తీశాను, అందులోనూ ఉన్నాయి. రెండింటికల్లా ప్రెస్సుకు పంపించేసి ఇద్దరం బిస్కెట్ల డబ్బా ముందేసుకుని కూర్చున్నాం.

మూడు కావడానికి అయిదు నిమిషాలుందనగా ప్లేట్లాయన ఫోన్ చేశాడు. మా ప్రెస్సులో పీడీఎఫ్ తీసుకుని, దాన్ని ఎనిమిదేసి పేజీలకొకటి చొప్పున అల్యూమినియం ప్లేట్ల మీదకు ఎక్కించే పెద్దమనిషి ఆయన. ఎవర్నీ మెచ్చుకోడు.

"ప్లేట్లు నాలుగూ తీసేశానమ్మా. మీ ఫైలంటే మీ ఫైలే. ఆ నల్ల పేజీలు పన్నెండూ ఉన్నాయి చూడండి, ఎంత గట్టిగా వచ్చాయో! ఒక్క మచ్చ ఉంటే ఒట్టు."

"మరేమనుకున్నారు!" అని ఫోన్ పెట్టేశాను. మావయ్యకు చెప్పాను. ఆయన నవ్వాడు. నేను ఇంకో బిస్కెట్ తీసి నోట్లో పెట్టుకున్నాను.

అది నమలడం సగంలో ఆగిపోయింది. ఒక్క మచ్చ కూడా లేదా? ఆరొందల నలభై ఉండాలే!

పరుగున కుర్చీలోకి వెళ్లి పడ్డాను. పీడీఎఫ్ తెరిచాను. చుక్కలు అక్కడే ఉన్నాయి, నన్ను చూసి మిలమిలా మెరుస్తున్నాయి. మెనూలో ఒక మూలన, ప్లేటు మీద ఎలా వస్తుందో అలా చూపించు అనే గడి ఒకటుంటుంది. అందులో టిక్కు పెట్టాను. ఆకాశం ఆరిపోయింది. పన్నెండు పేజీలూ బొగ్గు రాశిలా ఉన్నాయి.

చేసిన వెధవ పని అప్పుడు అర్థమైంది. నల్ల సిరాతో వేసే వాటికి ఓవర్‌ప్రింట్ అని ఒక గుర్తు పెట్టడం మా వృత్తిలో అలవాటు. అంటే కింద ఏమున్నా దానికి చిల్లు పెట్టకుండా పైనే అద్దెయ్ అని అర్థం. నలుపుకు అది మంచిదే, అంచుల్లో తెల్ల సందులు రావు. మావయ్య పెన్సిల్ కోసం చుక్కల్ని నల్లగా పెట్టినప్పుడు ఆ గుర్తు కూడా పెట్టాను. తర్వాత రంగు మార్చాను గానీ గుర్తు తీయలేదు. తెల్ల సిరా అనేది ప్రెస్సులో లేదు. తెలుపంటే నలుపులో చిల్లు, అందులోంచి కనపడే కాగితం. చిల్లు పెట్టొద్దని నేనే చెప్పి, తెలుపు కావాలంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్లేట్లాయన తప్పేమీ లేదు. నల్ల పేజీలు ఈ మధ్య ఫ్యాషన్ అనుకుని ఉంటాడు.

మావయ్య నా వెనకే నిలబడి ఉన్నాడు. కుర్చీ ఆయన వైపు తిప్పాను.

"మావయ్యా, నీ ఆకాశాన్ని నేనే ఆర్పేశాను. ప్లేట్ల మీద ఒక్క చుక్క కూడా లేదు."

నాకైతే ఆయన అరిస్తే బాగుండుననిపించింది. ఆయన గోడ గడియారం వంక చూశాడు.

"బాగవుతుందా?"

"బొమ్మలు పన్నెండూ తెరవాలి. ఒక్కోదానికి రెండు నిమిషాలు. తర్వాత మళ్లీ పీడీఎఫ్."

"మరి తెరువు, నిలబడ్డావేం?" అన్నాడు.

ప్లేట్లాయనకు ఫోన్ చేశాను. ఒక్క నిమిషం క్రితం నన్ను ఆకాశానికెత్తిన మనిషి నిప్పులు కక్కాడు.

"మళ్లీ నాలుగు ప్లేట్లా? ఏం మాట్లాడుతున్నారండీ! మూడూ నలభైలోపు ఫైలు నా చేతిలో పడాలి. ఒక్క నిమిషం దాటినా మెషినాయన బడి పుస్తకాలు ముందుకి లాగేస్తాడు. మెషిన్ ఖాళీగా ఉంటే ఆయనకి పిచ్చెక్కుతుంది."

మావయ్య అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు.

"ఎక్కడికి?"

"ప్రెస్సుకి. ఫోన్లో అయితే ఎంతైనా కాదంటాడు. మనిషి ఎదురుగా కూర్చుంటే అంత తేలిగ్గా అనలేడులే" అని, నా జవాబు కోసం చూడకుండా వెళ్లిపోయాడు. ప్రెస్సు మూడు వీధుల అవతల. ఆయన నడక కిటికీలోంచి చూశాను, నాకంటే వేగంగా ఉంది.

మొదటి బొమ్మ తెరిచాను. అన్నీ ఎంచుకో, గుర్తు తీసెయ్, సేవ్ చెయ్. రెండోది. మూడోది. మౌస్‌ను రెండు చేతులా పట్టుకున్నాను. అయిదోది తెరవడానికి మొరాయిస్తే, దాని తాత ముత్తాతల్ని కూడా వదలకుండా తిట్టాను. ఏడోది అయ్యేసరికి కంగారు పోయి, దాని స్థానంలో పిచ్చి ఉత్సాహం వచ్చింది. నిజం చెప్పొద్దూ, పంతొమ్మిదేళ్లలో ఇంత హుషారుగా ఎప్పుడూ పని చెయ్యలేదు. మూడూ ఇరవై అయిదుకు పన్నెండూ అయ్యాయి. పేజీల్లోకి కొత్త బొమ్మలు తెచ్చుకుని, ప్లేటు చూపించే గడిలో టిక్కు పెట్టి, ఒక్కో పేజీ తిప్పాను. మొదటి నెల వెలిగింది. రెండో నెల వెలిగింది. వెలిగిన ప్రతిసారీ గట్టిగా లెక్కపెట్టాను. తొమ్మిదో నెల వెలగలేదు.

తొమ్మిదో బొమ్మలో చుక్కలకు తాళం వేసి పెట్టుకున్నాను. మావయ్య ఎక్కువసార్లు జరిపించిన పేజీ అదే, పొరపాటున కదలకుండా ఉండాలని అలా చేశాను. తాళం వేసిన చుక్కలు ఎంచుకోవడంలోకి రావు, గుర్తు అలాగే ఉండిపోయింది. తాళం తీశాను, గుర్తు తీశాను, మళ్లీ తెచ్చాను. తొమ్మిదోది కూడా వెలిగింది. మూడూ ముప్పై ఒకటి.

పీడీఎఫ్ తీసి పంపించబోతే ఇంటర్నెట్ మూడొంతుల దగ్గర ఆగి అలాగే నిలబడింది. దానితో పోట్లాడే ఓపిక నాకు లేదు. ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇంట్లో తిరిగే చెప్పులతోనే పరుగు తీశాను. మూడు వీధులూ ఎలా దాటానో నాకు తెలియదు. సైకిళ్లు బాగుచేసే ఆయన "ఏమైందమ్మా?" అని అరవడం మాత్రం గుర్తుంది.

ప్లేట్ల గదిలో మావయ్య ప్లేట్లాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ప్లేట్లాయన ఎదురుగా నిలబడి, చుక్కలు చూసేందుకు తన ఇంటి డాబా ఏ దిక్కుకు ఉందో చెప్తున్నాడు. కోపం ఎప్పుడు చల్లారిందో ఏమో. నేను పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టగానే గడియారం చూశాడు. మూడూ ముప్పై తొమ్మిది.

"మీ మావయ్య లేకపోతే తలుపు వేసేసేవాణ్ణి" అని కంప్యూటర్ వైపు తిరిగాడు.

నాలుగు గంటల అయిదు నిమిషాలకు మొదటి ప్లేటు మెషిన్ ఎక్కింది. మెషినాయన బక్కపలచటి మనిషి, మోచేతుల దాకా సిరా. పరీక్షకని చిత్తు కాగితాలు కొన్ని మెషిన్లోకి పంపాడు. మొదటివి బూడిద రంగులో వచ్చాయి. సిరా పెంచాడు. నలుపు చిక్కబడింది. అందులో తెల్లగా చుక్కలు! నేను ఎగిరి గంతేశాను. ప్లేట్లాయన భుజం చరిచాను కూడా, ఆయన దాన్ని పట్టించుకోలేదు. మెషినాయన ఒక కాగితం లాగి మావయ్యకు ఇచ్చాడు.

"చూసుకోండి పెద్దాయనా. మొదలెట్టేస్తా."

మావయ్య కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని ట్యూబులైటు కిందకు తీసుకెళ్లాడు. ఒక నెల చూశాడు, పక్క నెల చూశాడు. మూడో దాని దగ్గర ఆగిపోయాడు.

"ఇది నాది కాదు" అన్నాడు.

"ఏది?" అన్నాను.

"రోహిణి పక్కన, ఇదిగో. ఈ చుక్క."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మావయ్యా! నాలుగుసార్లు దిద్దావు. ఇప్పుడు మళ్లీ మొదలెట్టకు!"

"దిద్దడం కాదే. దీన్ని నేను పెట్టలేదు."

నేను చూశాను. మిగతా చుక్కల్లాగే ఉంది, అంతే తెలుపు, అంతే గుండ్రం. మెషినాయన కూడా తొంగి చూశాడు.

"ఫైల్లో ఏముంటే అదే వస్తుంది పెద్దాయనా. ఇప్పుడు మెషిన్ ఆపి చూడాలంటే పది నిమిషాలు పోతాయి. ఇలాంటివి ఇంకో మూడు ప్లేట్లున్నాయి, ఆరింటికి బడి పుస్తకాలు బిగించాలి. అవ్వకపోతే నన్ననకండి. అయినా ఇన్ని చుక్కల్లో ఒక్క చుక్క, ఎవరు చూస్తారు?"

పోనిద్దూ మావయ్యా అనడానికి నేను నోరు తెరిచాను. దాచుకోవడం ఎందుకు, అనేసేదాన్నే.

"ఆపండి" అన్నాడు మావయ్య. "పుస్తకం రాకపోతే రాకపోనీ."

"శనివారం?" అన్నాను.

"శనివారం పిల్లలు దీన్ని ఇంటికి పట్టుకెళ్తారే. డాబా ఎక్కి ఈ చుక్క కోసం వెతుకుతారు. అది దొరకదు. పుస్తకం తప్పని వాళ్లకెట్లా తెలుస్తుంది? తమకే కళ్లు సరిగ్గా లేవనుకుంటారు."

మెషినాయన చెయ్యి చాచి మీట కిందకి లాగాడు. చప్పుడు తగ్గి, తగ్గి, ఆగింది. టార్చి వేసి ప్లేటు మీదకు వంగాడు. చాలాసేపు వెతికాడు. తర్వాత వేలి కొనతో దేన్నో తీసి మాకు చూపించాడు. కాగితం నూగు, కంటిలో నలుసంత. అది అంటుకున్న చోట సిరా పట్టలేదు. దాన్ని గుడ్డతో తుడిచి, మళ్లీ మెషిన్ వేశాడు. కొత్త కాగితంలో రోహిణి పక్కన వట్టి నలుపు ఉంది.

"ఎట్లా పట్టుకున్నావు మావయ్యా?" అన్నాను. ఆ పేజీలో ప్రతి చుక్కనూ నా చేత్తో పెట్టాను, నా చేత్తో జరిపాను. నాకు కనపడలేదు.

"అక్కడ ఏమీ ఉండదు కదే" అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు. "ఇరవై ఏడేళ్లు చూశా. అక్కడ ఖాళీ."

నాకు ఏడుపొచ్చింది. నాలుగుసార్లు దిద్దిస్తే ముసలాయన చాదస్తం అనుకున్నదాన్ని నేను. వెంట్రుకవాసి జరపమన్నప్పుడల్లా గొంతు చించుకున్నదాన్ని నేను. సిగ్గేసింది, గర్వంగానూ అనిపించింది, రెండూ ఒకేసారి. కాగితాల కట్ట వెనక్కి వెళ్లి కొంగుతో కళ్లు తుడుచుకుని వచ్చాను.

నేను వచ్చేసరికి మెషినాయన తన స్టూలు తెచ్చి కాగితాలు పడే చోట వేశాడు. దాని మీద దుమ్ము దులిపాడు. మావయ్య కూర్చున్నాడు. యాభై కాగితాలకొకటి చొప్పున మెషినాయన తీసి ఇవ్వడం, మావయ్య చూసి తల ఊపితే ముందుకు పోవడం. నాలుగు ప్లేట్లకూ కలిపి ఇంకో రెండుసార్లు మెషిన్ ఆగింది. రెండుసార్లూ నూగు దొరికింది. గడియారం వంక నేను తప్ప ఇంకెవరూ చూడలేదు.

ఆరింటికి ఎనిమిది నిమిషాలుందనగా చివరి కాగితం పడింది. మెషినాయన దాన్ని తడి సిరాకు వేళ్లు తగలకుండా రెండు మూలలూ పట్టుకుని తెచ్చి, కొంచెం వంగి ముందుకు చాచాడు.

"చూడండి సార్" అన్నాడు.

ఎవరిని పిలుస్తున్నాడా అని మావయ్య వెనక్కి తిరిగి చూశాడు.